వలస ఆటగాడు, వలస జట్టు

మిరప పండించుట ఒక విద్య. పండిన మిరపకు ధర రాబట్టుకొనుట మరియొక విద్య. మొదటి విద్యలో ఆరితేరిన గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు రెండవ విద్యలో తరచుగా ఓడిపోవుట మనమెల్లరము ఎరిగినదే. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర దిగజారినప్పుడు కేంద్రప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలని నిర్ణయింపవలసివచ్చెను. రైతు నేర్పు ఆ ఏట హఠాత్తుగా తగ్గిపోలేదు. నేర్పు ఒకచోటను, దాని వెలను నిర్ణయించు అధికారము వేరొకచోటను ఉన్న వృత్తులన్నిటికి ఈ గతి తప్పదు. అట్టి వృత్తులలో ఆటగాని వృత్తి ఒకటి.

2025 అక్టోబరులో హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు ఢిల్లీ నగరమునకు తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను క్రొత్త పేరు ధరించెను. క్రికెట్టు జట్టు ఒకటి ఇట్లు ఊరు మార్చియుండినచో మన వీధులలో ఎంత కలకలము పుట్టియుండెడిదో ఊహింపవచ్చును. ఈ వార్త మాత్రము సద్దుచేయక వచ్చి, సద్దుచేయక పోయెను. ఐనను తరలిపోయిన ఆ జట్టు అనామకమైనది కాదు. 2022 మార్చి 20వ తేదీన అది ఇండియన్ సూపర్ లీగు విజేతయై నిలిచెను. ఆ ఏటి విజయపరంపరలో అందరికంటె ఎక్కువ గోల్సు సాధించినవాడు తెలుగువాడు కాడు, భారతీయుడును కాడు. నైజీరియా దేశీయుడగు బార్తొలొమ్యు ఒగ్బెచె. అతని జీవితగమనమును, అతడాడిన జట్టు గతిని ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించినచో, ఆటను బ్రదుకుతెరువుగా ఎంచుకొనదలచిన విద్యార్థులకును, వారికి దారి చూపవలసిన ఉపాధ్యాయులకును పనికివచ్చు సంగతులు కొన్ని తేలును.

ఒగ్బెచె 1984 అక్టోబరు 1వ తేదీన నైజీరియాలోని ఒగోజా పట్టణమున జన్మించెను. బాల్యము ముగియక మునుపే ఫ్రాన్సు చేరి, ప్యారిస్ సాంజెర్మాఁ క్లబ్బు నీడన శిక్షణ పొందెను. 2002లో జపాను, కొరియా దేశములలో జరిగిన ప్రపంచకప్పునందు నైజీరియా పక్షమున ఆడునాటికి అతనికి పదునేడేండ్లు మాత్రమే. మన పిల్లలు ఇంటర్మీడియెటు పరీక్షకు కూర్చుండు ప్రాయమది. ఆ ప్రాయమున అర్జెంటీనా, స్వీడను, ఇంగ్లండు దేశములున్న గుంపులో తన దేశపు చొక్కా తొడిగి నిలిచినవానికి ఇక జీవితమంతయు పూలబాటయే అని చూచువారు అనుకొనుట సహజము.

కాని వృత్తిక్రీడ ఆ మాటను నిజము చేయలేదు. తరువాతి పదునారేండ్లలో అతడు ఫ్రాన్సులోనే బాస్తియా, మెత్స్ జట్లకు ఎరవు ఆటగాడుగా పోయెను. అటుపిమ్మట ఎమిరేట్సు దేశమున అల్ జజీరా, స్పెయినులో అలావెస్, వయ్యదొలిద్, కాదిజ్, గ్రీసులో కవాలా, ఇంగ్లండులో మిడిల్స్‌బరో, నెదర్లాండ్సులో కాంబూర్, విల్లెం జట్లు. ఈ పేర్ల వరుసను చదువుటయే అలసట కలిగించును; బ్రదికినవాని సంగతి చెప్పనక్కరలేదు. ప్రతి మజిలీలోను క్రొత్త భాష, క్రొత్త తిండి, క్రొత్త శిక్షకుడు, తన చోటు కొరకు క్రొత్తగా పోరాటము. లోకమున ఆఫ్రికా ఆటగాడనగానే కోట్ల రూపాయలు, మేడలు, కారులు అను చిత్రము పత్రికల వలన ఏర్పడినది. ఆ చిత్రములో ఉన్నవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. 1995లో ఐరోపా ఉత్తమ ఆటగాడుగా బంగారు బంతి గెలిచి, 2018 మొదలు 2024 వరకు లైబీరియా దేశాధ్యక్షుడుగా పరిపాలించిన జార్జి వియా వంటివారు నూటికి కాదు, లక్షకు ఒక్కరు. తక్కినవారిది ఒగ్బెచె వంటి బాట. అదియును అదృష్టవంతుల బాటయే.

ఇచ్చట వృత్తిక్రీడ నడచు తీరు కొంత తెలిసికొనవలెను. ఆటగాడు క్లబ్బుతో ఒకటి రెండేండ్లకు, మహా ఐన నాలుగైదేండ్లకు ఒడంబడిక వ్రాసికొనును. గడువు తీరిన పిదప అతడు స్వేచ్ఛాజీవి. 1995 డిసెంబరులో బెల్జియము ఆటగాడు బోస్మన్ దావాలో ఐరోపా న్యాయస్థానము ఇచ్చిన తీర్పు ఈ స్వేచ్ఛకు బలము చేకూర్చెను. అంతకుముందు గడువు తీరినను పాత క్లబ్బు సొమ్ము కోరి ఆటగానిని నిలుపగలిగెడిది. తీర్పుతో ఆటగానికి విలువ పెరిగెను; దానితోడనే స్థిరత్వము తగ్గెను. క్లబ్బు అతనిని ఆస్తిగా గాక అద్దెవస్తువుగా చూడసాగెను. గోల్సు వేయువాని విషయమున ఇది మరింత కఠినము. వెనుక వరుసలో ఆడువాని తప్పొప్పులు సామాన్యునికి తెలియవు. ముందు వరుసవాని పద్దు మాత్రము ప్రతి వారము పత్రికలో అంకెలతో అచ్చగును. నాలుగు ఆటలు గోలు లేక గడచినచో, ఐదవ ఆటకు అతడు బల్లమీద కూర్చుండును. మిరపకాయలకు శీతలగిడ్డంగి కలదు. ధర లేనినాడు దాచి, వచ్చిననాడు అమ్ముకొనవచ్చును. ఆటగాని మోకాలికి శీతలగిడ్డంగి లేదు. ఇరువది రెండేండ్లనాటి వేగమును ముప్పదేండ్లకు దాచియుంచుట ఎవరి తరము?

ఈ కారణమున ఒగ్బెచె 2018లో భారతదేశమునకు వచ్చినప్పుడు అతడు వయసు మీరినవాడని తలచినవారు ఉండియుందురు. ముప్పదినాలుగవ ఏట అడుగిడుచున్న స్ట్రైకరునకు ఐరోపాలో చోటు దొరకుట కష్టము. కాని గౌహతి కేంద్రముగా గల నార్త్‌ఈస్ట్ యునైటెడ్ జట్టు పక్షమున తొలి ఏడే 12 గోల్సు వేసెను. మరుసటి ఏట కేరళ బ్లాస్టర్సు జట్టునకు 15, ఆపై ముంబయి జట్టునకు 8. 2021లో హైదరాబాదు చేరి 18 గోల్సుతో ఆ లీగునందు ఒక సీజనులో అప్పటివరకున్న అత్యధిక సంఖ్యను అందుకొనెను. అప్పటికతనికి ముప్పదియేడేండ్లు. ఆ మరుసటి సీజనులో మరి 10. ఐదు సీజనులు, నాలుగు జట్లు, 63 గోల్సు. లీగు చరిత్రలో అదియే మిక్కిలి పెద్ద సంఖ్యయై నిలిచి, 2024–25 సీజనులో సునీల్ ఛెత్రి దానిని దాటునంతవరకు చెక్కుచెదరకుండెను.

వయసు మీరిన ఆటగాడు ఇంత ఎట్లు సాధించెను? వేగముచేత కాదు. బంతి ఎచ్చటికి రానున్నదో రక్షకునికంటె అరక్షణము ముందు గ్రహించి అచ్చట నిలుచుట అతని విద్య. ఎక్కువ పరుగెత్తక, సరియైన చోట నిలుచుట. ఇరువదేండ్ల అనుభవము దేహబలము చేసిన లోటును పూరించెను. అనుభవజ్ఞుడైన రైతు ఆకు రంగు చూచి తెగులు పోల్చునట్లు, అతడు రక్షకుని భుజము వాలు చూచి దారి పోల్చెడివాడు. ఇది పుస్తకమున దొరకు విద్య కాదు. దీర్ఘకాలము ఒకే పనిని శ్రద్ధతో చేసినవానికి మాత్రమే అబ్బునది.

ఇక ఆ విజయము నాటి సంగతి. 2021–22 సీజనంతయు కోవిడ్ వ్యాధి భయమున గోవాలోనే జరిగెను. ఆటగాండ్రు హోటళ్లలో నిర్బంధముగా ఉండి, ప్రేక్షకులు లేని మైదానములలో ఆడిరి. మార్చి 20న ఫతోర్దా మైదానమున జరిగిన అంతిమ పోటీకి మాత్రము ప్రేక్షకులను రానిచ్చిరి. కేరళ జట్టు ముందుగా గోలు వేసెను. ఆట ముగియుటకు రెండు నిమిషములున్నదనగా సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన బంతితో హైదరాబాదు సమము చేసెను. అదనపు సమయమునందును ఫలితము తేలక పెనాల్టీలకు పోగా, గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపెను. 3–1తో హైదరాబాదు గెలిచెను. శిక్షకుడు స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెజ్. ఈ కథలోని వైచిత్రిని గమనింపుడు. హైదరాబాదు పేరు ధరించిన జట్టు చరిత్రలోకెల్ల గొప్ప సీజనులో, గచ్చిబౌలి మైదానమున ఒక్క ఆటయైనను ఆడలేదు. ఒగ్బెచె వేసిన ఆ 18 గోల్సులో ఒక్కదానినైనను హైదరాబాదు ప్రజలు తమ ఊరి గడ్డపై కన్నులార చూడలేదు.

ఊరికిని జట్టునకును గల బంధము ఆ విధముగా మొదటినుండియు పలుచనిదే. 2019లో ఈ క్లబ్బు పుట్టుటయే పుణె జట్టు మూతపడగా ఏర్పడిన ఖాళీలో పుట్టెను. పుణెనుండి వచ్చిన చోటు హైదరాబాదునకు, హైదరాబాదునుండి ఢిల్లీకి పోయినది. వేరు లేని మొక్కను కుండీతో సహా ఎచ్చటికైనను మోసికొనిపోవచ్చును గదా. విజయము తరువాత ఏడాదిన్నర గడవకమునుపే క్లబ్బు ఆర్థికముగా కుంగిపోయెను. ఆటగాండ్రకు జీతములు బకాయిపడెను. ఫిర్యాదులు అంతర్జాతీయ సమాఖ్యయగు ఫిఫా వరకు పోగా, బకాయిలు తీర్చువరకు క్రొత్త ఆటగాండ్రను నమోదు చేసికొనరాదని ఆంక్ష పడెను. పేరున్న ఆటగాండ్రు ఒకరి వెనుక ఒకరు వెడలిపోయిరి. 2023–24లో మిగిలిన కుర్రవాండ్రతో ఆడిన ఆ జట్టు 22 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచెను. తరువాత యాజమాన్యము మారెను. ఆపై ఊరే మారెను.

ఇది ఒక్క క్లబ్బు దుస్థితి ఐనచో ఇంత వ్రాయనక్కరలేకపోయెడిది. భారత ఫుట్‌బాలు సమాఖ్య 2010లో తన వాణిజ్యహక్కులను పదునైదేండ్లకు ఒక సంస్థ చేతిలో పెట్టెను. ఆ ఒడంబడిక ఫలమే 2014లో ఆరంభమైన ఈ లీగు. 2025 డిసెంబరుతో గడువు తీరనుండగా, పొడిగింపు తేలక, ఆ ఏడు జూలైలోనే సీజనును నిలిపివేసిరి. కొన్ని క్లబ్బులు జీతములు ఆపివేసెను. క్రొత్త భాగస్వామి కొరకు టెండరు పిలువగా నవంబరు గడువు నాటికి ఒక్క సంస్థయైనను ముందునకు రాలేదు. తుదకు 2026 జనవరిలో కేంద్ర క్రీడామంత్రి కలుగజేసికొని, పదునాలుగు క్లబ్బులతో ఫిబ్రవరి 14వ తేదీనుండి కుదించిన సీజను జరుగునని ప్రకటించెను. పెద్ద వ్యాపారి ఒక్కడే యార్డునంతయు కొనునట్టి ఏర్పాటు చేసికొన్నచో, అతడు రానినాడు ఏమగునో రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. పదునైదేండ్లపాటు కొనువాడు ఒక్కడే ఐన సంతలో రెండవ బేరగాని తయారుచేసికొనకపోవుటయే అసలు లోపము.

ఆఫ్రికా ఆటగాడు తెలుగునేలపై అడుగుపెట్టుట ఒగ్బెచెతో ఆరంభము కాలేదు. 1980 దశకము నడుమ విశాఖపట్టణమున విద్యార్థిగా ఉన్న నైజీరియా యువకుడు చిమా ఒకొరీని కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు కొనిపోయెను. చదువుకొనుటకు వచ్చినవాడు అచ్చట గోల్సు వేయుటలో మేటి యగునట్లు ఎదిగెను. పిమ్మట ఈస్ట్ బెంగాల్ చేరెను. విదేశీయులను ఆడింపరాదను కట్టుబాటు గల మోహన్ బగాన్ క్లబ్బు, 1991లో ఆ కట్టుబాటు సడలించి చేర్చుకొన్న తొలి విదేశీయుడు ఇతడే. తరువాత ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ, పీటర్‌బరో జట్లకు ఆడి, మరల కలకత్తాకు తిరిగివచ్చెను. ఇతనికి కొన్నేండ్ల మునుపు ఇరానునుండి అలీగఢ్ విశ్వవిద్యాలయమునకు చదువు కొరకు వచ్చిన మాజిద్ బిష్కర్ సైతము ఇట్లే కలకత్తా ప్రేక్షకులకు ఆరాధ్యుడాయెను. విశ్వవిద్యాలయము నాడు విదేశీ ప్రతిభకు ద్వారముగా నుండెను. చిమా నడచిన విశాఖ వీథులు ఆ ప్రతిభను గుర్తింపలేదు. గుర్తించినది ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్న నగరము. మనవద్ద ఉన్నవానిని మనము చూడకపోవుట క్రొత్త వ్యాధి కాదు.

ఒగ్బెచె, చిమా పైమెట్టున నిలిచినవారు. క్రింది మెట్లపై నిలిచినవారి సంగతి వేరు. కేరళలో మలప్పురము ప్రాంతమున పంటకోతల అనంతరము ఏడుగురేసి ఆడు 'సెవెన్స్' పోటీలు రాత్రివేళ దీపముల వెలుగున జరుగును. వాటిలో ఆడుటకు ఆఫ్రికా యువకులు ఏటేట వచ్చుచుందురు. వారికి ఆట లెక్కన కూలి. గాయపడిన దినమున కూలి లేదు. మధ్యవర్తి మాట తప్పినచో పరదేశమున దిక్కులేదు. పడమటి ఆఫ్రికా దేశములలో పసిపిల్లలకు ఐరోపా క్లబ్బులలో చోటు చూపింతుమని నమ్మించి, తలిదండ్రుల భూములమ్మించి, పరాయి నగరమున విడిచిపోవు దళారులు తక్కువమంది కారు. ఇట్లు వంచితులైన బాలుర కొరకు కెమెరూను దేశపు మాజీ ఆటగాడు జాన్ క్లోద్ ఎంబుమిన్ 2000లో ఫ్రాన్సున ఒక సహాయసంస్థ స్థాపించెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను, కొన్ని మినహాయింపులతో తప్ప, దేశము దాటించి క్లబ్బులలో చేర్చుకొనరాదని ఫిఫా 2001లో నిబంధన చేసెను. నిబంధన ఉన్నను దళారి ఉన్నాడు. ఏలనన ఆశ ఉన్నది.

ఈ ఆశను మన జిల్లాల తలిదండ్రులు ఎరుగనివారు కారు. గల్ఫు వీసా పేరిట, కువైటు కొలువు పేరిట మోసపోయిన కుటుంబములు తెలుగునాట ఎన్ని లేవు? నైజీరియా తల్లి తన కుమారుని చేతిలో పెట్టిన రూకలకును, మన పల్లెలోని తల్లి ఏజెంటునకు చెల్లించిన రూకలకును రంగు ఒక్కటే. అందుచేత ఆఫ్రికా ఆటగానిని పరాయివానిగా గాక, మన వలసకూలీకి అన్నదమ్మునిగా చూచుట న్యాయము. నేడు మన విశ్వవిద్యాలయములలో ఆఫ్రికా విద్యార్థులు చదువుచున్నారు. బస్సులో వారి ప్రక్క సీటు ఖాళీగా వదలువారును, వారి రంగును చూచి నవ్వువారును మనలో లేరని గుండెపై చేయి వేసికొని చెప్పగలమా? గోలు వేసిననాడు చప్పట్లు కొట్టి, అద్దె ఇల్లు అడిగిననాడు తలుపు మూయుట సభ్యత కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. విదేశీ స్ట్రైకర్లు వచ్చుటచేతనే మన పిల్లలకు ముందు వరుసలో చోటు లేకపోయినదని కొందరు వాదింతురు. వాదములో బలము లేకపోలేదు. 2024 జూన్ 6వ తేదీన సునీల్ ఛెత్రి జాతీయజట్టునుండి విరమించుకొనెను. ఆయనకు వారసుడు దొరకక, 2025 మార్చిలో, నలుబదేండ్ల వయసున, ఆయననే మరల పిలువవలసివచ్చెను. పిలిచిన శిక్షకుడు మునుపు హైదరాబాదును గెలిపించిన మార్కెజే. ఐనను ఫలము దక్కలేదు. 2025 అక్టోబరులో గోవాలో సింగపూరు చేతిలో 1–2తో ఓడి, భారతజట్టు 2027 ఆసియాకప్పు అర్హతను పోగొట్టుకొనెను. నవంబరులో బంగ్లాదేశ్ చేతిలో ఓడి, ఫిఫా వరుసలో 142వ స్థానమునకు దిగజారెను. నూట నలుబది కోట్ల జనములో గోలు వేయగలవాడు నలుబదేండ్లవాడొక్కడేనా అని లోకము ఆశ్చర్యపడుచున్నది.

కాని కారణము విదేశీయుడేనా? 2021నుండి లీగులో ఒక్కొక్క జట్టు మైదానమున నలుగురు విదేశీయులను మించి ఆడింపరాదను నియమము ఉన్నది. తక్కిన ఏడుగురు మనవారే. ఆ ఏడుగురిలో గోలు వేయువాని తయారుచేయకుండ, సిద్ధముగా దొరకువానిని కొనుట సులభమని క్లబ్బులు తలచెను. మిరపయును ఈ నేలది కాదు. పోర్చుగీసువారు దక్షిణ అమెరికా ఖండపు పంటగా దానిని మన తీరమునకు తెచ్చిరి. ఐనను గుంటూరు సన్నము మనదైనది. ఎట్లు? తరతరముల రైతులు విత్తనము కట్టి, నారుపోసి, మన ఎండకు మన నల్లరేగడికి దానిని అలవాటు చేసిరి. విదేశీయము మనది కావలెనన్నచో నారుమడి కావలెను. నారుమడి లేక ప్రతి ఏడు విత్తనపు సంచి కొనువాని చేలో పంట ఉండవచ్చును గాని, పంటపై హక్కు అతనిది కాదు. ఒగ్బెచె వద్ద శిష్యరికము చేయుటకు ఎందరు తెలుగు పిల్లలను ఆ క్లబ్బు చేరదీసినది అని అడుగవలెను. తప్పు వచ్చిన గురువుది కాదు. శిష్యులను కూర్పని బడిది.

నారుమడి మనకు ఒకప్పుడు ఉండెను. హైదరాబాదు నగర పోలీసుజట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. ఈ సంగతిని మన ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు గెలిచెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. ఆటగాండ్రు తమకు అలవాటులేని కాలితో మాత్రమే బంతి తన్నవలెనని నియమించి ఆయన పోటీలు పెట్టెడివాడట. ఎడమచేతితో అక్షరములు దిద్దించు గురువు తెలివి అది. 1962లో జకార్తా అంతిమ పోటీలో కొరియాను 2–1తో ఓడించిన మరుసటి ఏడే, 1963 జూన్ 11న, క్యాన్సరు వ్యాధితో ఆయన కన్నుమూసెను.

ఆయన తీర్చిన ఆటగాండ్రలో సికింద్రాబాదు అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఒకడు. పేదయింటి బిడ్డ. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ, పెరూ జట్లపై గోల్సు వేసినవాడు. ఊపిరితిత్తుల వ్యాధిచేత ఇరువదియేడేండ్లకే ఆట విడువవలసివచ్చెను. చివరి దినములు బెంగాలులో గడిపి 2023 ఫిబ్రవరి 16న మరణించెను. నాడు లీగు జీతములు లేవు. రైల్వే, పోలీసు వంటి సంస్థల కొలువే ఆటగానికి కూడు పెట్టెను. కొలువు చిన్నదైనను ఆట ముగిసిన పిదప నిలుచునది. నేడు ఒక్క సీజనులో వచ్చు సొమ్ము నాటివాడు జీవితమంతయు ఎరుగడు. కాని రెండవ సీజను ఉండునో లేదో నేటివాడు ఎరుగడు. నాడు నారుమడి ఉండి అంగడి లేకపోయెను. నేడు అంగడి వచ్చి నారుమడి ఎండిపోయెను. ఇప్పుడు అంగడియు ఊరు మార్చినది. ఈ మూడు దశలను కలిపి చూచినప్పుడే మన దుస్థితి స్వరూపము పూర్తిగా తెలియును.

ఐనను నిరాశకు చోటీయనక్కరలేదు. నిజామాబాదు జిల్లా తండా ఒకదానిలో పుట్టిన గుగులోత్ సౌమ్య కథను చూడుడు. లంబాడా కుటుంబపు ఆడపిల్ల. బడిలో పరుగుపందెములతో ఆరంభించి, శిక్షకుని ప్రోత్సాహముతో బంతి పట్టెను. కేరళలోని గోకులం జట్టునకు ఆడి, 2022లో క్రొయేషియా రాజధానిలోని దినామో జాగ్రెబ్ క్లబ్బు మహిళాజట్టులో చేరెను. తిరిగివచ్చి ఈస్ట్ బెంగాల్ పక్షమున ఆడి, 2025లో జాతీయ సమాఖ్యవారి ఉత్తమ క్రీడాకారిణి బిరుదమందెను. ఆఫ్రికానుండి ఒగ్బెచె నడచిన వలసదారినే, తండానుండి ఈ బాలిక నడచినది. పరదేశపు చలి, తెలియని భాష, బల్లమీది ఎదురుచూపు ఆమెకును అనుభవములే. కాగా ఆమె ప్రతిభను మొదట చూచినది పెద్ద క్లబ్బు కాదు, పల్లెలోని బడి.

కనుక ఈ చర్చ తుదకు బడి వాకిటికే చేరుచున్నది. 2009 విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని చెప్పుచున్నది. మన జిల్లాలలో స్థలము ఉన్నచోటను అది ఆటకు పనికివచ్చునది కాదు. నల్లరేగడి వానకాలమున అడుగు వేయనీయదు, వేసవిలో చీలిక చీలికలై పాదము మడతపెట్టును. పైన ఎర్రమట్టి, గరప పరచి నీరు పోవుదారి చేసిననే గాని బంతి నడువదు. పత్తి తీతకు, మిరప కోతకు పిల్లలు పొలమునకు పోవు మాసములు కలవు. ఆ మాసములలో బడిలో హాజరే పలుచన, ఆట సంగతి చెప్పనేల? మిగిలిన మాసములలో ఆటల పీరియడును గణితమునకో, సాంఘికమునకో అరువిచ్చుట ఆచారమైపోయినది. పదవతరగతి ఫలితములకు జిల్లాలో వరుస ఉన్నది. ఆడిన పిల్లల సంఖ్యకు వరుస లేదు. లెక్కింపనిదానిని ఎవ్వరును పెంచరు.

బాగుగా ఆడు బాలుడు తనకు ఎదురైనప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను? 'చదువు మాని ఆడుము' అనుట బాధ్యతారాహిత్యము. 'ఆట మాని చదువుము' అనుట అంతకంటె మేలైనది కాదు. ఒగ్బెచె కథ నేర్పునది మూడవ మాట: ఆటను కూడ ఒక చదువువలె చదువుము. మొదట, పుట్టినతేదీ పత్రము సరిగా ఉండవలెను. వయసు దిద్దినవాని భవిష్యత్తు ఏనాటికైనను చిక్కులలో పడును. రెండవది, ఎవరి జట్టులో ఏ ఏడు ఆడినది నమోదు చేయించుకొనవలెను. ఆటగాడు గడువు తీరకమునుపు దేశాంతరపు క్లబ్బునకు మారినప్పుడు ఆ సొమ్ములో నూటికి ఐదు వంతులు, పండ్రెండవ ఏటినుండి ఇరువదిమూడవ ఏటివరకు అతనిని పెంచిన క్లబ్బులకు చెందవలెనని ఫిఫా నిబంధన. నమోదు లేనిచో పల్లె క్లబ్బునకు దక్కవలసిన రూక దక్కదు. మూడవది, చేవ్రాలు చేయు కాగితమును చదువగలిగి ఉండవలెను. జీతమెంత, గాయమైనచో వైద్యమెవరిది, జీతమాగినచో ఎవరికి విన్నవింపవలెను అను మూడు ప్రశ్నలకు జవాబు లేని ఒడంబడిక ఒడంబడిక కాదు. ఈ మూడింటిని నేర్పుటకు పంతులు ఫుట్‌బాలు ఆడనక్కరలేదు. భాషాపాఠములో ఒక దినము చాలును.

ప్రభుత్వము చేయవలసినదియు కలదు. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడాపరిపాలన చట్టము చేసెను. క్రీడాసమాఖ్యల వివాదములను విచారించుటకు ప్రత్యేక ట్రిబ్యునలును అందులో ఉద్దేశించిరి. ఆటగాని జీతపు బకాయి లొసాన్ జ్యూరిక్ నగరముల చుట్టు తిరుగకుండ ఇచ్చటనే త్వరగా తేలునట్లు ఏర్పాటు జరిగిననే ఆ చట్టము సార్థకము. క్లబ్బు ఒక ఊరి పేరు పెట్టుకొనునప్పుడు, ఆ ఊరి బడులలో ఇన్ని నారుమళ్లు పెంచవలెనని షరతు పెట్టుటలో అన్యాయమేమియు లేదు. పేరు వాడుకొనుటకు ఊరు కావలెను, పెట్టుబడికి ఊరు అక్కరలేదు అను నీతి చెల్లరాదు.

ఒగ్బెచె వంటి ఆటగాడు ఒక నగరమునుండి మరియొక నగరమునకు పోవుట అతని వృత్తిధర్మము. పని ఉన్నచోటికి కూలివాడు పోవును. అందు అవమానము లేదు. కాని జట్టు పోరాదు. గురువు బదిలీమీద పోవును, బడి ఊరిలోనే ఉండును. హైదరాబాదు విషయమున బడియే బదిలీ ఐపోయినది. అందువలన ఆ 18 గోల్సు పద్దు పుస్తకములలో నిలిచినవే గాని, వాటిని చూచి 'నేనును అట్లు కొట్టుదును' అని గోడకు బంతి తన్నిన పిల్లలను మిగిల్పలేకపోయెను. ఈ ఏడు వానలు వెలిసిన పిదప మన బడి ఆవరణలో నాలుగు బండ్ల ఎర్రమట్టి తోలించి, రెండు వెదురుకర్రలు పాతి, వారమునకు రెండు సాయంత్రములు పిల్లలను అచ్చట వదలినచో, ఆ లోటు పూడ్చు పనికి తొలి తట్ట మన్ను పోసినట్లగును. అందుకు కావలసినది కోట్ల రూపాయలు కాదు. ఆటల పీరియడును ఆటలకే ఉంచుట.